చదరంగం గింజల సంఖ్యను విప్పి చూస్తే

(డిగ్రీ గణిత విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉపోద్ఘాతం వద్దు. ముందు బోర్డు మీద ఒక సంఖ్య రాస్తాను. వెనక బెంచీలకు కనిపిస్తోందా?

1,84,46,74,40,73,70,95,51,615

ఇరవై అంకెలు. కోట్లలో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆపైన చిల్లర. ఆ చిల్లరే 44 లక్షల కోట్లు, మన రెండు తెలుగు రాష్ట్రాల బడ్జెట్లు కలిపినా అందనంత. (నవ్వులు)

ఈ సంఖ్య మీకు కొత్తదేం కాదు. చదరంగం కనిపెట్టినవాణ్ణి రాజుగారు ఏం కావాలో కోరుకోమన్నాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గడులూ నింపమన్నాడు వాడు. రాజు నవ్వాడు, తర్వాత గాదెలు ఖాళీ అయ్యాయి. ఈ కథ మీద నాకున్న ఫిర్యాదు ఏమిటంటే, అది మన చేత 'అబ్బో' అనిపించి అక్కడే వదిలేస్తుంది. పెద్ద సంఖ్యలకేం కొదవ? దీని చివర ఒక సున్నా పెడితే దీనికి పదింతలది వస్తుంది. ఈ సంఖ్యలో చూడాల్సింది సైజు కాదు, అది ముక్కలయ్యే తీరు. ఇవాళ నేను చెప్పేదంతా దాని గురించే.

అయినా సైజు సంగతి ఒక్క నిమిషంలో తేల్చేద్దాం. వెయ్యి వడ్లగింజలు ఇరవై గ్రాములు తూగుతాయనుకోండి. లెక్క వేస్తే 36,893 కోట్ల టన్నులు వస్తుంది. ప్రపంచమంతా కలిసి ఇప్పుడు ఏడాదికి పండిస్తున్న వడ్లు దాదాపు 80 కోట్ల టన్నులు. అంటే ఎవరూ ఒక్క గింజ తినకుండా నాలుగు వందల అరవై ఏళ్లు పండించి రాజుగారి అప్పు తీర్చాలి. సరే, అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి ముందు మన ఇంటి విషయం ఒకటి. ఈ సంఖ్య మొత్తం, ఇరవై అంకెలూ, ఒక తెలుగు పద్యంలో ఉంది. పావులూరి మల్లనది. మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు ఆయన. పద్యంలో సంఖ్య ఉన్నంతవరకు చదువుతాను, వినండి.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు...

ఇవన్నీ అంకెలే. మన్మథుడి బాణాలు ఐదు కాబట్టి శరమన్నా సాయకమన్నా 5. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి, చంద్ర, తుహినాంశుడు, ఏది అన్నా 1. శరీరానికి తొమ్మిది రంధ్రాలు కాబట్టి రంధ్రం 9. వియత్తూ గగనమూ ఆకాశం, అంటే 0. నగం, భూధరం, గిరి కులపర్వతాల లెక్కన 7. అగ్ని 3, సముద్రం 4, వేదం 4, తర్కం 6. పద్మజుడి ముఖాలు 4. దిగ్గజాలు ఎనిమిది కాబట్టి కుంజరం 8. అంకెల్ని ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. శర, శశి, షట్క, చంద్ర: 5, 1, 6, 1. బోర్డు మీద సంఖ్య చివర చూడండి, 1615. మిగతాది మీరు సరిచూసుకోండి. నేను సరిచూశాను, ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఇది చంపకమాల. ఛందస్సులో పెట్టడం వల్ల పాఠం చెడిపోకుండా ఉంటుందని చాలామంది అంటారు. కొంతవరకే నిజం. 'చంద్ర' తీసేసి 'వేద' అని పెట్టండి, గణం తప్పదు, సంఖ్య మాత్రం తప్పుతుంది. మరి మల్లన లెక్క సరైనదేనా అని మూడు నిమిషాల్లో ఎలా పరీక్షిస్తారు? తొమ్మిదితో. అంకెలన్నీ కూడితే 87. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ ఐదూ ఆరు. అంటే తొమ్మిదితో భాగిస్తే శేషం 6 రావాలి. ఇటు పక్క నుంచి రండి. 2, 4, 8, 16, 32, 64ని తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1. ఆ తర్వాత మళ్లీ ఇవే తిరుగుతాయి. అరవై నాలుగులో పది ఆరులు పోను నాలుగు మిగులుతుంది. నాలుగో శేషం 7, అందులోంచి ఒకటి తీస్తే 6. కుదిరింది. రెండు అంకెలు స్థానాలు మార్చుకుంటే ఈ పరీక్షకు దొరకవు, అది గుర్తుంచుకోండి. పదకొండుతో చేసే పరీక్ష ఇంకా గట్టిది. ఇంటికెళ్లి చేయండి, శేషం 4 రావాలి.

'అందులోంచి ఒకటి తీస్తే' అన్నాను కదా, అదెక్కడిది? గింజల మొత్తం 1+2+4+8 అంటూ 2 పవర్ 63 దాకా. గుణశ్రేఢి సూత్రం మీకు వచ్చు. సూత్రం లేకుండా చూడండి: బయటి నుంచి ఒక్క గింజ తెచ్చి కలపండి. ఒకటీ ఒకటీ రెండు, ఆ రెండూ రెండో గడిలో రెండూ నాలుగు, ఆ నాలుగూ మూడో గడిలో నాలుగూ ఎనిమిది. గడి తర్వాత గడి కలిసిపోతూ చివరికి 2 పవర్ 64 అవుతుంది. తెచ్చిన గింజ తిరిగి ఇచ్చేస్తే మన సంఖ్య. 2 పవర్ 64ని లెక్కించడానికి అరవై నాలుగుసార్లు రెట్టింపు చేయనక్కర్లేదు. 2కి వర్గం 4, దానికి వర్గం 16, తర్వాత 256, 65,536, 429,49,67,296. ఇంకోసారి వర్గం చేస్తే అయిపోయింది. మొత్తం ఆరు గుణకారాలు. క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అల్ బిరూనీ ఇదే చదరంగం లెక్కను ఇలా వర్గాల మీదే చేశాడు.

ఆ వర్గాలే మనకు తాళంచెవి కూడా. ఎనిమిదో తరగతి సూత్రం: a స్క్వేర్ మైనస్ ఒకటి అంటే (a−1)(a+1). 2 పవర్ 64 వర్గమే కాబట్టి మన సంఖ్య రెండు ముక్కలవుతుంది: (2 పవర్ 32 మైనస్ 1), (2 పవర్ 32 ప్లస్ 1). మొదటి ముక్కలో మళ్లీ వర్గం ఉంది, మళ్లీ విరుగుతుంది. అలా విరుచుకుంటూ కిందికి వస్తే మిగిలేవి ఇవి:

3 × 5 × 17 × 257 × 65,537 × 429,49,67,297

ఇరవై అంకెల సంఖ్య, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా ఆరు ముక్కలయింది. ప్రతి ముక్కా ఒక రెండు పవర్‌కి ఒకటి కలిపితే వచ్చేది. పవర్లు 1, 2, 4, 8, 16, 32. వీటినే ఫెర్మా సంఖ్యలంటారు.

పియెర్ ద ఫెర్మా వృత్తిరీత్యా ఫ్రాన్స్‌లో తులూజ్ కోర్టుకు సంబంధించిన మనిషి. 1640లో ఆయన ఉత్తరాల్లో రాశాడు, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకమని. రుజువు మాత్రం దొరకలేదని కూడా ఒప్పుకున్నాడు. 3, 5, 17, 257 ప్రధాన సంఖ్యలే. 65,537 కూడా ఓపిగ్గా భాగించి చూస్తే ప్రధాన సంఖ్యే. ఆరోది 429 కోట్లు దాటిన సంఖ్య. దాన్ని ఎవరు భాగించి చూస్తారు? దాదాపు తొంభై ఏళ్లు ఎవరూ చూడలేదు.

1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త సాటి గణితవేత్త ఆయిలర్‌కు రాసిన ఉత్తరం చివర ఒక ప్రశ్న తగిలించాడు, ఫెర్మా చెప్పిన ఈ మాట మీకు తెలుసా అని. 1729 అనగానే అక్కడెవరో రామానుజన్ అంటున్నారు. ఇది సంవత్సరం బాబూ, టాక్సీ కాదు. (నవ్వులు) ఆయిలర్ మొదట పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత పట్టుకున్నాడు, పట్టుకున్నాక వదల్లేదు. 1732లో తేల్చాడు: 429,49,67,297ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది. భాగఫలం 67,00,417.

641 ఎలా దొరికింది? 3, 7, 11 అంటూ వరసగా భాగించుకుంటూ పోతే నూటికి పైగా ప్రధాన సంఖ్యలు దాటాకే 641 వస్తుంది. అంత పని అక్కర్లేదు. p అనే ప్రధాన సంఖ్య మన 2 పవర్ 32 ప్లస్ 1ని భాగిస్తే, 2 పవర్ 32కి p తో శేషం −1. దాని వర్గం, 2 పవర్ 64కి, శేషం 1. కాబట్టి రెండు పవర్లు p దగ్గర సరిగ్గా 64 మెట్లకోసారి మొదటికి వస్తాయి. అటు 2 పవర్ (p−1)కి కూడా శేషం 1 అని మనకు తెలుసు. అంటే p−1ని 64 భాగించాలి. p కచ్చితంగా 64ల మీద ఒకటి ఎక్కువ ఉండాలి. అలాంటివి రాయండి: 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలో దొరికిపోయింది!

ఇందులో నాకు ఎప్పుడూ వింతగా అనిపించేది ఒకటుంది. నేను ఇప్పుడు వాడిన '2 పవర్ (p−1)కి శేషం 1' అన్నది ఎవరి సిద్ధాంతం? ఫెర్మాదే. అది కూడా 1640 నాటిదే. తన నమ్మకాన్ని తానే పడగొట్టగల పనిముట్టు ఆ ఏడాదే ఆయన చేతిలో ఉంది. ఐదు భాగహారాలు చేస్తే చాలు. చేసి ఎక్కడో పొరపాటు పడ్డాడా, అసలు చేయనే లేదా అన్నది మీరు ఊహించుకోండి.

641 నిజంగా భాగిస్తుందో లేదో పెద్ద భాగహారం లేకుండా ఇక్కడే చూద్దాం. 2 పవర్ 8 అంటే 256. దాని వర్గం 65,536. 641ని 102తో హెచ్చిస్తే 65,382, మిగిలింది 154. కాబట్టి 2 పవర్ 16కి శేషం 154. ఇంకోసారి వర్గం: 154 ఇంటూ 154, ఎంత? 23,716. ఇప్పుడు 641 ఇంటూ 37 చేయండి ఎవరైనా. 23,717! ఒక్కటి తక్కువ. అంటే 2 పవర్ 32కి శేషం −1. దానికి ఒకటి కలిపితే సున్నా. రెండు లైన్లలో ఫెర్మా నమ్మకం పోయింది. ఇంకో దారి కావాలంటే 641 అంటే 640+1 అనీ, 625+16 అనీ రెండు రకాలుగా రాసి చూడండి. 640లో ఐదూ రెండు పవర్ ఏడూ ఉన్నాయి, 625 ఐదు పవర్ నాలుగు, 16 రెండు పవర్ నాలుగు. ఆ మూడు ముక్కల్లోంచే రుజువు వస్తుంది. ఎలాగో చెప్పను.

67,00,417 కూడా ప్రధాన సంఖ్యే. ఇప్పుడు మన ఇరవై అంకెల సంఖ్య పూర్తిగా విడిపోయింది:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417

ఏడు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండోసారి రాలేదు. కారణాంకాలు ఎన్ని? ఒక్కో ప్రధాన సంఖ్యను తీసుకోవచ్చు, వదిలేయొచ్చు. ఏడుసార్లు రెండేసి అవకాశాలు, 2 పవర్ 7, మొత్తం 128. గడులు 64, కారణాంకాలు దానికి రెట్టింపు! ఇందులో ఏదో రహస్యం ఉందని మాత్రం వెతక్కండి, కాకతాళీయమే. 641 లేకపోతే ఆరు ప్రధాన సంఖ్యలే అయ్యి 64 కారణాంకాలు వచ్చేవి. అప్పుడు ఎన్ని కథలు పుట్టేవో!

ఫెర్మా వరుసలో మొదటి ఐదింటిని మళ్లీ చూడండి: 3, 5, 17, 257, 65,537. 1796లో, పంతొమ్మిదేళ్లు ఇంకా నిండని గౌస్, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, కంపాస్‌లతో గీయవచ్చని కనుక్కున్నాడు. రెండు వేల ఏళ్లుగా యూక్లిడ్ దగ్గరే ఆగిన విషయం అది. బేసి భుజాలున్న క్రమ బహుభుజిని గీయగలగాలంటే భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం అయి ఉండాలి. గీయవచ్చని గౌస్ చెప్పాడు, మిగతావి కుదరవని 1837లో వాంట్జెల్ రుజువు చేశాడు. ఈ ఐదింటినీ హెచ్చిస్తే 2 పవర్ 32 మైనస్ 1. ఐదే తెలుసు కాబట్టి గీయగలమని మనకు తెలిసిన బేసి బహుభుజులు 31. హెర్మెస్ అనే ఆయన 65,537 భుజాల బొమ్మ గీసే పద్ధతి మీద పదేళ్లు కూర్చున్నాడు. ఆ కాగితాల పెట్టె గోటింగెన్‌కు చేరింది. పదేళ్లు! గీసినా వృత్తానికీ దానికీ తేడా కంటికి తెలియదు.

మన ఛందశ్శాస్త్రంలో మేరు ప్రస్తారం అని ఉంది, మీ పుస్తకాల్లో పాస్కల్ త్రిభుజం: అంచుల్లో ఒకట్లు, లోపల పైనున్న రెండింటి మొత్తం. దాన్ని వేసి, బేసి అంకె ఉన్నచోట 1, సరి అంకె ఉన్నచోట 0 పెట్టండి. ఒక్కో వరుసనీ బైనరీ సంఖ్యగా చదవండి: 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... మొదటిది వదిలేస్తే 32వ వరుస దాకా ఇవి సరిగ్గా గౌస్ బహుభుజుల భుజాల సంఖ్యలే, అదే వరుసలో. 33వ వరుసలో 429,49,67,297 వచ్చి ఆ సాంగత్యం తెగిపోతుంది, మన 641 వల్లే. 64వ వరుసలో అన్నీ ఒకట్లే, అరవై నాలుగు ఒకట్లు. అది చదరంగం సంఖ్య.

అరవై నాలుగు ఒకట్లు అనగానే కంప్యూటర్స్ వాళ్లు తలలూపుతున్నారు. అవును, 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే. దానికి ఒకటి కలిపితే స్కూటర్ మీటరు నిండి తిరిగినట్టు మొత్తం సున్నాలకు వస్తుంది. 32 బిట్ల పాత యంత్రాలకు ఈ గండం దగ్గర్లోనే ఉంది: 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వస్తున్నవి, ప్లస్సో మైనస్సో చెప్పే గుర్తు బిట్టు పోగా 31 బిట్లే మిగలడంతో, 2038 జనవరి 19న మన టైము ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతాయి. 64 బిట్లయితే టెన్షన్ లేదు. మన సంఖ్యను సెకన్లనుకుంటే 58,000 కోట్ల సంవత్సరాలు దాటుతుంది. విశ్వం వయసు 1,380 కోట్ల సంవత్సరాలు.

ఈ సెకన్ల లెక్క ముందే ఒకాయన వేశాడు. 1883లో ఎద్వార్ లూకా అనే ఫ్రెంచి గణితవేత్త ఒక ఆటబొమ్మ అమ్మకానికి పెట్టాడు, దానికో కథ కట్టారు. కాశీలో ఒక గుడి, మూడు కడ్డీలు, 64 బంగారు బిళ్లలు. పెద్దదాన్ని చిన్నదాని మీద పెట్టకుండా ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి అన్నీ మార్చేసరికి ప్రపంచం అంతమవుతుందట. కాశీ వెళ్లొచ్చిన మనవాళ్లెవరూ ఆ గుడి చూడలేదు, ఎందుకంటే అది పారిస్‌లో పుట్టింది. కదలికలెన్ని? సరిగ్గా మన సంఖ్య. కదలికకో సెకను చొప్పున ఇందాకటి ఏళ్లే. అడుగున ఉన్న అతి పెద్ద బిళ్ల ఒక్కసారే కదులుతుంది. దాని పైది రెండుసార్లు, ఆ పైది నాలుగు, చిట్టచివరి చిన్న బిళ్ల 2 పవర్ 63 సార్లు. అంటే ఏ బిళ్ల ఎన్నిసార్లు కదులుతుందో ఆ గడిలో అన్ని గింజలు. కడ్డీల ఆటా, చదరంగం పలకా ఒకే లెక్క.

ఇక చివరి సంగతి. మన సంఖ్యకు ఒకటి కాదు, రెండు కలపండి. 2 పవర్ 64 ప్లస్ 1. చివరి రెండంకెలు 15 బదులు 17, అంతే తేడా. మొదటిదాన్ని మనం పది నిమిషాల్లో విప్పాం. దీని దగ్గర ఆ వర్గాల సూత్రం పనిచేయదు, మధ్యలో ప్లస్ గుర్తు ఉంది కాబట్టి. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచాయన, ఎనభై ఏళ్లు దాటిన వయసులో, దీన్ని విడగొట్టి ప్రకటించాడు: 2,74,177 ఇంటూ 6,72,80,42,13,10,721. అంతకు పాతికేళ్ల ముందే క్లౌసెన్‌కు ఇది తెలుసని తర్వాత బయటపడింది. ఏదైనా, ఆయిలర్ తర్వాత ఈ ఒక్క మెట్టు ఎక్కడానికి నూట ఇరవై ఏళ్లు పైనే పట్టింది.

ఇది తెలిశాక, 2 పవర్ 128 మైనస్ 1 ఉంది చూశారా, 39 అంకెల సంఖ్య, దాన్ని ఇప్పుడు మీరే నిలబడి చెప్పేయగలరు. మన ఏడు ప్రధాన సంఖ్యలూ, లాండ్రీవి రెండూ, మొత్తం తొమ్మిది. దానికి రెండు కలిపిన సంఖ్య మాత్రం 1970 దాకా లొంగలేదు. మారిసన్, బ్రిల్‌హార్ట్ కంప్యూటర్ మీద విప్పారు. ఫెర్మా వరుసలో 65,537 తర్వాత ఇంకో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు. 2 పవర్ 32 ప్లస్ 1తో మొదలై, పవర్ రెట్టింపవుతూ వచ్చే 28 సంఖ్యలూ సంయుక్త సంఖ్యలేనని తేలింది. ఆ తర్వాతిది ప్రధానమో కాదో ఇంకా తేలలేదు. దాన్ని రాయడానికే 258 కోట్ల అంకెలు కావాలి.

ప్రశ్నలుంటే అడగండి. 625+16 రుజువు ఎవరికైనా వచ్చిందా?